‘బైట్’: కరిచినా, కుట్టినా, మైకు ముందు మాట్లాడినా ఒకటే మాట

గాజియాబాద్ జిల్లాలోని ఇందిరాపురంలో ‘బైట్’ అనే మాట ఒకే రోజు మూడు అర్థాల్లో వినిపించడం మామూలే. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో దాని అర్థం కుక్క కాటు. హైవే దాటి నోయిడా ఫిల్మ్‌సిటీలోని న్యూస్ చానెళ్లకు వెళ్లేవారికి అది నాయకుడెవరో మైకు ముందు చెప్పిన నాలుగు ముక్కలు. పక్కనే ఉన్న సెక్టార్ 62 ఐటీ కంపెనీల ఉద్యోగులకు ఎనిమిది బిట్ల సమాచారం.

ఇంగ్లిష్‌లో మూడో దాని స్పెల్లింగు వేరు, ‘ఐ’ ఉండాల్సిన చోట ‘వై’ ఉంటుంది. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ తేడా కూడా పోయింది. మూడూ ‘బైట్’లే.

ఒకే మాటకు పది అర్థాలుండటం ఏ భాషలోనైనా ఉన్నదే. కానీ ఈ మాట విషయంలో అర్థం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది కొన్నిసార్లు ప్రాణాల మీదికి వస్తుంది. ఢిల్లీ పరిసరాల్లో గత రెండు మూడేళ్లలో జరిగిన ఘటనలే అందుకు నిదర్శనం.

భేదం, బిట్ పేపర్, బైట్

బైట్ పాత ఇంగ్లిష్ నాటి క్రియ. జర్మన్, డచ్, స్వీడిష్ భాషల్లోనూ దీని తోబుట్టువులున్నాయి. మూలం ఇండో యూరోపియన్ ధాతువు, అర్థం ‘చీల్చు’. సంస్కృతంలో అదే ‘భిద్’. తెలుగువారు రోజూ వాడే భేదం, భిన్నం, విభేదం దాని నుంచి వచ్చినవే. అంటే ‘అభిప్రాయ భేదం’లోని భేదానికీ కుక్క బైట్‌కూ దూరపు చుట్టరికం ఉంది.

ఇంగ్లిష్‌లో దీని సంతానమూ తక్కువేం కాదు. కొరికిన ముక్క ‘బిట్’. పదో తరగతి పరీక్షల్లో తెలుగు పిల్లలు రాసిన బిట్ పేపర్‌లోని బిట్ అదే. నాలుకను కొరికే రుచి ‘బిట్టర్’, చేదు. కొరికే పురుగు ‘బీటిల్’. గాలానికి గుచ్చే ఎర, ‘బెయిట్’, పాత నార్స్ భాష నుంచి వచ్చిన దాయాది.

కొరకడం నుంచి ముక్క పుట్టడం ఇంగ్లిష్‌కే పరిమితం కాదు. తమిళంలో ‘కడి’ అంటే కొరకడం. పాత తెలుగులో ‘కడి’ అంటే అన్నం ముద్ద.

వ్యాకరణంలో తడబాటు వచ్చే చోటు ఒకటుంది. భూతకాలం ‘బిట్’, కర్మణి ప్రయోగంలో ‘బిట్టెన్’. కుక్క కరిచిందని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ‘ఐ వాజ్ బిట్టెన్ బై ఎ డాగ్’ అనాలి. ‘బైటెడ్’ అనే రూపం లేదు. దానికి దగ్గరగా వినిపించే ‘బెయిటెడ్’కు ఎర వేయడం, రెచ్చగొట్టడం అని అర్థం. ‘కుక్క నన్ను కరిచింది’ అనబోయి ‘కుక్క నన్ను రెచ్చగొట్టింది’ అన్నట్టవుతుంది.

కుక్క కరుస్తుంది, దోమ కుడుతుంది, ఎలుక కొరుకుతుంది

ఇంగ్లిష్ ఒక్క క్రియతో సరిపెట్టుకునే చోట తెలుగు ప్రాణిని బట్టి క్రియను మారుస్తుంది. కుక్క, కోతి కరుస్తాయి. పాము కాటేస్తుంది. ఎలుక కొరుకుతుంది. దోమ, తేలు, తేనెటీగ కుడతాయి. జలగ పడుతుంది. జామకాయను కొరుకుతాం, చెరకును చీలుస్తాం, చేగోడీని నములుతాం.

ఈ విభజన వెనుక కొంత పరిశీలన ఉంది. దోమకు కరవడానికి పళ్లు లేవు. సూదిలాంటి తొండాన్ని చర్మంలోకి దించి రక్తం పీలుస్తుంది. ఇంగ్లిష్ దాన్నీ ‘మస్కిటో బైట్’ అనే అంటుంది. బట్టను సూదితో కుట్టడానికి వాడే క్రియనే దోమకూ వాడిన తెలుగు ఈ విషయంలో శాస్త్రానికి దగ్గరగా ఉంది. చీమ దగ్గరకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. చాలా చీమలు నిజంగా దవడలతోనే కరుస్తాయి, మనం మాత్రం ‘చీమ కుట్టింది’ అంటాం.

ఢిల్లీ ప్రాంతంలో పెరిగే తెలుగు పిల్లల మీద మరో ఒత్తిడి ఉంది. హిందీ ‘కాట్‌నా’ ఇంగ్లిష్ బైట్ కన్నా విస్తృతం. కుక్క, పాము, దోమ అన్నింటికీ అదే క్రియ. కేకు కోయడానికి, ఫోన్ పెట్టేయడానికి, ట్రాఫిక్ చలానా రాయడానికి, సెలవులు గడపడానికి కూడా అదే. ఒకవైపు హిందీ, మరోవైపు ఇంగ్లిష్ ఒకే క్రియ చాలంటుంటే ఇంట్లో తెలుగు మాత్రం నాలుగైదు నేర్చుకోమంటుంది. ‘దోమ కరిచింది’ అనే పిల్లలు కనిపించేది అందుకే. అయితే తెలుగు రాష్ట్రాల్లోనూ అలా అనేవారు ఉన్నారు కాబట్టి దాన్ని తప్పు అనలేం.

క్రియ ఏదైనా నామవాచకం దగ్గర తెలుగు కూడా ఒక్కచోటికే చేరుతుంది. అదే ‘కాటు’. కుక్క కాటు, పాము కాటు, దోమకాటు. ‘కుక్క కాటుకు చెప్పు దెబ్బ’ అన్న సామెతను బట్టి ఇది పత్రికలు పుట్టించిన మాట కాదని తెలుస్తుంది. పత్రికలు చేసిందల్లా దాన్ని సాగదీయడం. కరోనా కాటు, కల్తీ మద్యం కాటు, కరవు కాటు. శీర్షికలో రెండక్షరాలకే సరిపోతుంది కాబట్టి డెస్కులో ఈ మాటకు గిరాకీ ఎక్కువ. ఏది పడితే దానికి వాడితే అసలు కాటుకు పదును పోతుందన్న ఫిర్యాదులోనూ న్యాయం ఉంది.

‘కరవలేదు, గీరింది అంతే’

2023 సెప్టెంబరులో గాజియాబాద్ విజయ్‌నగర్‌లో 14 ఏళ్ల బాలుడు రేబిస్‌తో చనిపోయాడు. నెల రోజులకు పైగా ముందు కుక్క కరిస్తే, తిడతారన్న భయంతో ఇంట్లో చెప్పలేదు. నీళ్లను చూసి భయపడటం మొదలయ్యాకే తల్లిదండ్రులకు విషయం తెలిసింది. అప్పటికి వైద్యం చేయగలిగింది ఏమీ లేదు.

2025 జూన్‌లో అదే రాష్ట్రంలోని బులంద్‌శహర్‌కు చెందిన యువ కబడ్డీ ఆటగాడిదీ ఇదే కథ. కాలువలో పడిన కుక్కపిల్లను బయటికి తీస్తుండగా అది వేలు కొరికింది. ఆటలో తగిలే దెబ్బల్లో అదీ ఒకటనుకుని టీకా వేయించుకోలేదు. సుమారు రెండు నెలల తర్వాత రేబిస్ బయటపడి చనిపోయారు.

మొదటి ఘటనలో మాట బయటికి రాలేదు. రెండో ఘటనలో జరిగినదానికి ‘కాటు’ అనే పేరే పెట్టలేదు. కుక్కపిల్ల, చిన్న గాయం, ఆడుకుంటూ కొరికింది... ఈ మాటల్లో దేనికీ ‘కాటు’ అన్నంత బరువు ఉండదు.

వైద్యం ఈ తేడాను పట్టించుకోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రేబిస్ విషయంలో ‘కరిచిందా, లేదా’ అన్న ప్రశ్నతో ఆగకుండా జంతువుతో కలిగిన తాకిడిని మూడు తరగతులుగా విభజించింది. జంతువును ముట్టుకోవడం, తిండి పెట్టడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి. దీనికి టీకా అక్కర్లేదు. బట్ట అడ్డం లేని చర్మాన్ని మునిపళ్లతో కొరకడం, రక్తం రాకుండా గీరుకుపోవడం రెండోది. దీనికి టీకా తప్పనిసరి. చర్మం చీలేలా కరవడం లేదా గీరడం, తెగిన చర్మం మీద నాకడం, కళ్లకో నోటికో జంతువు లాలాజలం తగలడం మూడోది. దీనికి టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి.

అంటే పన్ను తగలకపోయినా, వైద్యుడి దృష్టిలో అది కాటుతో సమానమైన ప్రమాదం కావచ్చు. తెలుగులో ‘కరవలేదు, గీరింది అంతే’ అన్నప్పుడు ఆ చివరి ‘అంతే’ ప్రమాదాన్ని దాచేస్తుంది. హిందీలోనూ ‘కాటా నహీ’ అనగానే విషయం ముగిసిపోతుంది. ఆస్పత్రిలో ఒక్క మాటతో సరిపెట్టకుండా పన్ను దిగిందా, గోరు గీరిందా, రక్తం వచ్చిందా, పాత పుండు మీద నాకిందా అన్నది విడివిడిగా చెప్పాలి. అంతకు ముందు గాయాన్ని సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రేబిస్ లక్షణాలు మొదలైతే మరణం దాదాపు ఖాయం. మొదలు కాకముందు టీకా దాన్ని ఆపగలదు.

2024లో దేశవ్యాప్తంగా 37,17,336 కుక్క కాటు కేసులు, రేబిస్ అని అనుమానిస్తున్న 54 మరణాలు నమోదైనట్టు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఇవి రికార్డులకు ఎక్కినవి. గీరుకుపోయిందని ఇంట్లోనే ఉండిపోయినవారు ఈ లెక్కలోకి రారు.

పాము విషయంలో సమస్య వేరుగా ఉంటుంది. కట్లపాము రాత్రిపూట నిద్రలో కాటేస్తే చాలాసార్లు నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా సరిగా కనిపించదు. కాటు పడిందన్న సంగతే తెలియకుండా విషం పని చేస్తుంది. మరోవైపు విషం ఎక్కించకుండా కరిచి వదిలేసే సందర్భాలూ ఉన్నాయి. వైద్యులు వాటిని ‘డ్రై బైట్’ అంటారు. అలాంటి మనిషి బతికి బయటపడితే పేరు మంత్రగాడికి వస్తుంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించేందుకు కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది.

ఎన్ని పళ్లు దిగాయి, ఎన్నిసార్లు కరిచింది?

చట్టం, పాలన ఈ మాటను మరో రకంగా కొలుస్తాయి.

ఢిల్లీతో పాటు గాజియాబాద్, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలోని వీధి కుక్కలను పట్టి షెల్టర్లలో ఉంచాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఆదేశించింది. దీనిపై దేశమంతా చర్చ రేగింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం వదలొద్దని చెప్పింది.

‘దూకుడు’ అంటే ఏమిటన్న ప్రశ్న అక్కడే వచ్చింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో కాటునే కొలమానంగా తీసుకుంది. ఇందిరాపురం కూడా దీని పరిధిలోనే ఉంది. కవ్వించకుండానే మనిషిని కరిచిన కుక్కను మొదటిసారి పది రోజులు కేంద్రంలో ఉంచి, మైక్రోచిప్ వేసి వదులుతారు. రెండోసారి కరిస్తే జీవితాంతం అక్కడే ఉంచుతారు, ఎవరైనా హామీపత్రం ఇచ్చి దత్తత తీసుకుంటే తప్ప. కవ్వింపు ఉందా లేదా అన్నది ముగ్గురు సభ్యుల కమిటీ తేలుస్తుంది. పత్రికలు దీన్ని ‘కుక్కలకు యావజ్జీవం’ అన్నాయి.

రెండో కాటుకు శిక్ష అన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండ్ ఉమ్మడి న్యాయంలో ‘వన్ బైట్ రూల్’ అని ఒకటి ఉండేది. కుక్క స్వభావం యజమానికి ముందే తెలిసి ఉంటేనే అతని బాధ్యత. మొదటి కాటు దాకా తెలిసే అవకాశం లేదు కనుక ప్రతి కుక్కకూ ఒక కాటు ఉచితమని లాయర్లు హాస్యంగా చెప్పేవారు. ఆ హాస్యం మొదటి కాటు తిన్నవారికి వర్తించదు.

పంజాబ్-హరియాణా హైకోర్టు 2023 నవంబరులో కాటును పంటితో లెక్క కట్టింది. వీధి జంతువుల కేసుల పరిహారం నిర్ణయిస్తూ, కుక్క కరిస్తే ఒక్కో పంటి గాటుకు కనీసం రూ.10,000, కండ ఊడివస్తే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం రూ.20,000 ఇవ్వాలని చెప్పింది. ‘పంటి గాటు’ అనే తెలుగు మాట ఈ తీర్పుకు అతికినట్టు సరిపోతుంది.

కొన్ని ఘటనలకు కాటు అన్న మాట చాలదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని కుక్కల గుంపు చంపేసినప్పుడు తెలుగు పత్రికలు ‘కాటు’ అని కాకుండా ‘దాడి’ అని రాశాయి. ఆ విచక్షణ సరైనదే.

మైకు ముందు బైట్

కుక్క మనిషిని కరిస్తే వార్త కాదు, మనిషి కుక్కను కరిస్తే వార్త. జర్నలిజం తరగతుల్లో మొదటి వారమే చెప్పే ఈ మాటను న్యూయార్క్‌కు చెందిన ‘సన్’ పత్రిక సంపాదకుల్లో ఒకరిద్దరికి ఆపాదిస్తారు. ఇప్పుడు ఢిల్లీ పరిసరాల్లో కుక్క మనిషిని కరవడమే మొదటి పేజీ వార్త. సూత్రం పాతబడింది.

అదే తరగతుల్లో నేర్పే మరో మాట ‘సౌండ్ బైట్’. పెద్ద ప్రసంగంలోంచి కొరికి తీసిన చిన్న ముక్క అని భావం. ఆ ముక్క ఎంత చిన్నదవుతోందో అమెరికా పరిశోధకురాలు కీకూ అడాటో కొలిచారు. అక్కడి నెట్‌వర్క్ వార్తల్లో అధ్యక్ష అభ్యర్థి మాట అంతరాయం లేకుండా వినిపించే సగటు సమయం 1968లో 42.3 సెకన్లు. 1988 నాటికి 9.8 సెకన్లు.

24 గంటల వార్తా చానెళ్లతో ఈ మాట తెలుగులో స్థిరపడింది. ‘సౌండ్’ రాలిపోయి ‘బైట్’ మిగిలింది. బైట్ తీసుకోవడం, బైట్ ఇవ్వడం, బైట్ పడటం. పార్లమెంటు సమావేశాల రోజుల్లో విజయ్ చౌక్ దగ్గరా, ఏపీ భవన్ బయటా నిలబడే రిపోర్టర్లకు ఇదే దినచర్య. ఎంపీలు కూడా ‘బైట్ కావాలా?’ అనే అడుగుతారు. విచిత్రమేమిటంటే, మన దేశంలోని చాలా న్యూస్‌రూముల స్క్రిప్టుల్లో దీన్ని కంప్యూటర్ బైట్ స్పెల్లింగుతోనే రాస్తారు.

ఆ కంప్యూటర్ బైట్ కూడా కాటు నుంచి వచ్చిందే. ‘బైనరీ డిజిట్’ను కుదించి ‘బిట్’ అనడం జాన్ ట్యూకీ ఆలోచన. క్లాడ్ షానన్ 1948 నాటి పత్రంతో అది ప్రచారంలోకి వచ్చింది. 1956లో ఐబీఎం ఇంజినీర్ వెర్నర్ బుచోల్జ్ కొన్ని బిట్ల గుంపుకు ‘బైట్’ అని పేరు పెట్టారు. పొరపాటున ఒక అక్షరం పోతే బిట్‌తో కలిసిపోతుందని స్పెల్లింగు మార్చారు. తర్వాత ఎవరో సరదాగా సగం బైట్‌కు, అంటే నాలుగు బిట్లకు, ‘నిబుల్’ అని పేరు పెట్టారు. రేబిస్ రెండో తరగతిలో చెప్పిన ‘మునిపళ్లతో కొరకడం’ ఇంగ్లిష్‌లో ఇదే మాట.

నాలుక, చెవి, మట్టి, తూటా

జాతీయాల్లో రెండు భాషలూ ఒక్కోసారి కలుస్తాయి, ఒక్కోసారి మోసం చేస్తాయి. ‘బైట్ ది డస్ట్’కు ‘మట్టి కరవడం’ సరిగ్గా సరిపోతుంది. ఎన్నికల ఫలితాల రోజు ఇది లేకుండా తెలుగు పేజీ నిండదు. కానీ ‘బైట్ యువర్ టంగ్’ను ‘నాలుక కరుచుకోవడం’ అంటే తప్పు. ఇంగ్లిష్‌లో అది నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం. తెలుగులో మాట జారిన తర్వాత సిగ్గుపడటం. అనువాద వార్తల్లో ఈ పొరపాటు జరిగితే, మౌనంగా ఉన్న నాయకుడు తప్పు ఒప్పుకున్నట్టు తేలుతుంది.

చెవులు కొరుక్కోవడం తెలుగులో గుసగుసలాడటమే. 1997లో మైక్ టైసన్ బాక్సింగ్ రింగులో హోలీఫీల్డ్ చెవిని నిజంగానే కొరికినప్పుడు జాతీయం పనికిరాకుండా పోయింది. ‘అన్నం పెట్టిన చేతిని కరవడం’ ఇంగ్లిష్ నుంచి వచ్చి తెలుగులోనూ కలిసిపోయింది. తెలుగుకు ముందే ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ ఉంది. దానిలో పళ్లు లేవు, కానీ గాయం లోతుగానే ఉంటుంది. ‘కరుచుకోవడం’ మరీ విచిత్రం. పిల్ల తల్లిని కరుచుకుని పడుకుందంటే గట్టిగా హత్తుకుందని.

‘బైట్ ది బుల్లెట్’, అంటే తప్పని కష్టాన్ని పళ్ల బిగువున భరించడం. మత్తుమందు లేని రోజుల్లో శస్త్రచికిత్స సమయంలో సైనికుల పళ్ల మధ్య తూటా ఉంచేవారని దీనికి కథ చెబుతారు. 1857తో ముడిపెట్టేవారూ ఉన్నారు. ఆ ఏడాది సిపాయిలు కొరకబోమన్నది మాత్రం బుల్లెట్‌ను కాదు. మందు, గుండు చుట్టిన కాగితపు పొట్లం, కార్ట్రిడ్జ్‌ను. దానికి ఆవు, పంది కొవ్వు పూశారన్న అనుమానంతో ఏప్రిల్‌లో మీరట్‌లో 85 మంది అశ్విక సైనికులు నిరాకరించారు. మే 10న తిరుగుబాటు మొదలైంది. మే 30, 31 తేదీల్లో హిండన్ నది దగ్గర పోరు జరిగింది. ఇందిరాపురం ఉన్నది ఆ నదికి ఇవతలే. తెలుగులో కార్ట్రిడ్జ్‌నూ, బుల్లెట్‌నూ ‘తూటా’ అనే అంటాం కాబట్టి మన పాఠాల్లో ఈ రెండూ కలిసిపోయాయి.

చెప్పు కరిచింది, అన్నం పలికింది

కొత్త చెప్పులు వేసుకుంటే కాలు ఒరుసుకుపోతుంది. తెలుగులో ‘చెప్పు కరిచింది’, హిందీలో ‘జూతా కాట్‌తా హై’. అక్కడి నుంచి పుట్టిన ‘షూ బైట్’ భారతీయ ఇంగ్లిష్. లండన్ మందుల షాపులో అలా అడిగితే వెంటనే అర్థం కాదు, ‘బ్లిస్టర్’ అనాలి. ఇంగ్లిష్‌కు మన కాటు ఇచ్చిన మాట ఇది.

తిండి దగ్గర బైట్‌కు తెలుగులో ఒక్క మాట దొరకదు. చేత్తో అన్నం కలుపుకుని తినేవారికి కొలత ముద్ద, కొరకడం కాదు. ఆవకాయను కొరుక్కోవడం కాదు, నంజుకుంటాం. మెనూల్లోని ‘చికెన్ బైట్స్’ను మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదు, అవసరమూ లేదు. జామకాయను చొక్కా అంచు కప్పి కొరికి స్నేహితుడికి ముక్క పెడితే అది కాకెంగిలి. ఇంత పొదుపైన మాట ఇంగ్లిష్‌లో లేదు. ఆవాల ‘బైట్’ అంటే ఘాటు. పాస్తాలో మిగలాల్సిన ‘బైట్’ అంటే పలుకు, అన్నం ఇంకాస్త పలుకుగా ఉందంటామే, అదే. వక్క ముక్కా పలుకే, నోటి మాటా పలుకే. సౌండ్ బైట్‌కు తెలుగు కావాలనుకునేవారికి ఆ మాట ఇంట్లోనే ఉంది. విజయ్ చౌక్‌లో ‘సార్, ఒక పలుకు’ అని అడిగితే ఎంపీ ఆగుతారా అన్నది వేరే సంగతి.